ఎవరి సాయం లేని 4,000 కి.మీ. సైకిల్ రేసు: నెల్లూరులో ఉండి తయారవడం ఎట్లా?

కావలి_చక్రం (కావలి) · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. సూటిగా అడిగేస్తా. యూరప్‌లో జరిగే ట్రాన్స్‌కాంటినెంటల్ రేసుకు ఎప్పటికైనా వెళ్ళాలని ఉంది. ఖండం ఈ కొస నుంచి ఆ కొసకి సుమారు 4,000 కిలోమీటర్లు. వెనకాల కారు ఉండదు, మనుషులు ఉండరు. దారి కూడా పూర్తిగా వాళ్ళివ్వరు. కొన్ని చెక్‌పాయింట్లు చెప్తారు, అక్కడ కార్డు మీద స్టాంపు వేయించుకోవాలి, వాటి మధ్య ఎటు పోవాలో మనమే గీసుకోవాలి. తిండి, నిద్ర, పంక్చరు అన్నీ మన తిప్పలే. గడియారం మాత్రం ఆగదు, మనం పడుకున్నా సరే.

బీఆర్ఎమ్‌లు (గడువు లోపల ముగించాల్సిన లాంగ్ రైడ్‌లు) 200, 300, 400, 600 కిలోమీటర్లవి అన్నీ ఒకే సీజన్లో అయ్యాయి. ఇప్పుడు సొంతంగా ఒక ప్రాక్టీసు రైడ్ అనుకుంటున్నా: నెల్లూరు, ఉదయగిరి, పామూరు, కనిగిరి, పొదిలి, మార్కాపురం, దోర్నాల, శ్రీశైలం. తిరుగు దారిలో మార్కాపురం, పొదిలి మీదుగా ఒంగోలు వచ్చి, హైవే పట్టుకొని నెల్లూరు. 650 దాకా వస్తుంది. అంతా రేసు రూల్స్‌తోనే.

ఒక సందేహం. పొదిలిలో మా పిన్ని వాళ్ళ ఇల్లు రోడ్డు మీదే ఉంటుంది. అక్కడ అన్నం తిని రెండు గంటలు నడుం వాలిస్తే రూల్ తప్పినట్టా?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు) · శుక్రవారం రాత్రి 10:15

తప్పినట్టే తమ్ముడూ. ఇందులో మొదటి పాఠం అదే.

ముందు లెక్క చెప్తా, తర్వాత పిన్ని దగ్గరికి వద్దాం. 4,000ని 15 రోజులతో భాగిస్తే రోజుకు 267 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి బెజవాడకి అటూ ఇటూగా అంతే. రోజూ తెల్లారి నెల్లూరులో బయల్దేరి రాత్రికి బెజవాడలో పడుకోవడం, రెండు వారాల పైన, మధ్యలో ఆల్ప్స్ కొండలు. ఇది గెలిచేవాళ్ళ లెక్క కాదు, పూర్తి చేస్తే చాలనుకునే వాళ్ళది. 2019లో గెలిచిన ఫియోనా కోల్బింగర్ 10 రోజుల 2 గంటల 48 నిమిషాల్లో ముగించింది. అంటే రోజుకు దాదాపు 400.

నువ్వు చేసిన 600కి 40 గంటల టైము ఉంది కదా. అది అయ్యాక ఇంటికొచ్చి పడుకున్నావు. అక్కడ 600 అయిన తర్వాత ఇంకా 3,400 మిగిలి ఉంటాయి. అందుకే 600 ఎంత స్పీడుగా చేశావన్నది నన్నడిగితే పెద్ద విషయం కాదు. అది అయిన మర్నాడు పొద్దున సీటు మీద కూర్చోగలిగావా లేదా, అది చెప్పు.

ఒంగోలు_గిత్త (ఒంగోలు) · శుక్రవారం రాత్రి 10:31

అబ్బయ్యా, హోటల్లో డబ్బిచ్చి తింటే సొంత కాళ్ళ మీద నిలబడ్డట్టు, పిన్ని ఇంట్లో పప్పన్నం తింటే సాయం తీసుకున్నట్టా? జేబులో కార్డున్నోడికి ఊరూరా హోటల్ తలుపు తెరుచుకుంటుంది, దానికి స్వావలంబన అని పేరా? నాకైతే డబ్బున్నోళ్ళ రూల్ లాగా ఉంది.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు) · శుక్రవారం రాత్రి 10:52

గిత్తా, నీ మాటలో నిజం లేకపోలేదు. కానీ రూల్ ఎందుకు పెట్టారో చూడు. ఆ రేసు నియమాల్లో రెండు మాటలు గట్టిగా ఉంటాయి: ఎవరి భారం వాళ్ళే మోయాలి, అందరికీ ఒకే అవకాశం ఉండాలి. పొదిలి హోటల్ తలుపు కావలి వాడికీ తెరిచే ఉంటుంది, జర్మనీ వాడికీ తెరిచే ఉంటుంది. పిన్ని తలుపు ఒక్కడికే. దారి పొడుగునా చుట్టాలున్నవాడికి, లేనివాడికి మధ్య తేడా రాకూడదని ఆ రూల్. తిండి ఎవరు పెట్టారన్నది కాదు, ఆ దారిన పోయే ప్రతి రైడరుకూ అది దొరుకుతుందా లేదా అన్నదే ప్రశ్న.

డబ్బు తేడా మాత్రం ఉంది. ఒకడు రోజూ హోటల్ గది తీసుకుంటాడు, ఇంకొకడు బస్ షెల్టర్లో బివీ బ్యాగులో (ఒక మనిషి పట్టే పడక సంచి) దూరి పడుకుంటాడు. దానికి రేసు దగ్గర మందు లేదు.

పలకల_ఊరు (మార్కాపురం) · శుక్రవారం రాత్రి 11:05

పిన్ని ఇంటి ముందు నుంచి పోతూ లోపలికి రాకపోతే ఆమె ఊరుకుంటుందా? నాలుగేళ్ళు గుర్తుపెట్టుకుని ప్రతి పెళ్ళిలో దెప్పుతుంది. నా సలహా, రైడ్ రోజు పొదిలి మెయిన్ రోడ్డు మీద హెల్మెట్ కిందికి లాక్కుని, తల తిప్పకుండా పోవడమే. 😀

అసలు విషయానికొస్తా. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ పులుల అభయారణ్యంలో ఉంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేస్తారు. కాబట్టి నీ రైడ్ మొత్తం ఆ గేటు చుట్టూ తిరుగుతుంది. సాయంత్రం దోర్నాల చేరి, చీకటి పడ్డాక అడవిలోకి దిగాలనుకుంటే కుదరదు, గేటు తీసి ఉన్నా ఆ పని చేయొద్దు. మార్కాపురంలోనో దోర్నాలలోనో పడుకుని, గేటు తీయగానే ఎక్కు. ఘాట్ 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో దుకాణాల మీద ఆశ పెట్టుకోవద్దు. రెండు బాటిళ్ళు కాదు, మూడు నింపుకో. కోతులుంటాయి. హ్యాండిల్ బ్యాగులో అరటిపండు పైకి కనబడేటట్టు పెట్టుకుంటే అది నీది కాదు.

కందుకూరోడు_బెల్జియంలో · శనివారం తెల్లవారుజాము 2:20

ఇక్కడ ఇంకా పడుకునే వేళ కాలేదు, కాబట్టి పెద్దగా రాస్తున్నా.

నేను రేసు చేసేవాణ్ణి కాదు, చూసేవాణ్ణి. 2022 జులైలో ఇక్కడి గెరార్డ్స్‌బెర్గన్ అనే ఊళ్ళో స్టార్ట్ చూడ్డానికి వెళ్ళాను. రాత్రి 10 గంటలకు మొదలైంది. ఊరి మధ్య నుంచి మూర్ అనే రాళ్ళ ఎత్తు, పైన చిన్న చర్చి. జనం రెండు వైపులా దివిటీలు పట్టుకుని నిలబడి అరుస్తుంటారు. అంత జాతర దాటాక ఒక్కొక్కరు ఒక్కో దారి పడతారు, ఎందుకంటే ఎవరి దారి వాళ్ళు గీసుకున్నదే. పది నిమిషాల్లో అంతా ఖాళీ. ఆ ఏడాది ముగింపు బల్గేరియాలోని బుర్గస్‌లో. స్టార్టు, ఫినిషు ఏటేటా ఒకటే ఉండవు. 2013లో మొదటిసారి లండన్ నుంచి ఇస్తాంబుల్‌కి పెట్టారు. 2019లో తిరగేసి నల్లసముద్రం ఒడ్డున బుర్గస్ నుంచి ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్‌కి. 2023లో గ్రీస్‌లోని థెస్సలోనికీకి.

మన ఊరి నుంచి వచ్చేవాడు ఎక్కడ దెబ్బతింటాడో చెప్తా.

చలి. మీరంతా ఎండ గురించి మాట్లాడుకుంటారు, రోహిణి కార్తెలో నెల్లూరులో తొక్కినోడికి ఎండ లెక్కే కాదంటారు. నిజమే, జులైలో బాల్కన్ దేశాల్లో 40 డిగ్రీలు దాటితే ఇక్కడివాళ్ళు విలవిల్లాడతారు, మనకు అంత ఉండదు. కానీ ఆల్ప్స్‌లో స్టెల్వియో లాంటి కనుమ 2,757 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చెమటతో తడిసిన జెర్సీ మీద అర్ధరాత్రి దాన్ని దిగితే వేళ్ళు బ్రేకు పట్టవు. డిసెంబరులో దుప్పటి కప్పుకోవడమే మన చలి అనుభవం. ఎక్కేటప్పుడు ఏం వేసుకోవాలో అందరూ ఆలోచిస్తారు. దిగేటప్పుడు ఏం వేసుకోవాలన్నదే అసలు సంగతి.

రెండోది ఆదివారం. జర్మనీ, ఆస్ట్రియా వైపు ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు. పెట్రోల్ బంకు దుకాణమే దిక్కు. మన హైవే మీద తెల్లవారుజామున ఇడ్లీ బండి దొరుకుతుంది, టీ ఏ వేళకైనా దొరుకుతుంది. ఆ అలవాటుతో వస్తే ఆకలితో పోతారు. శనివారం సాయంత్రమే సంచి నింపుకోవాలి.

ఇంకోటి, ఇక్కడ రోడ్డుకి కుడి పక్కన పోవాలి. మెలకువగా ఉన్నప్పుడు అందరికీ గుర్తుంటుంది. తెల్లవారుజామున 4 గంటలకు, నిద్ర లేక కళ్ళు మూతలు పడుతున్నప్పుడు, ఖాళీ జంక్షన్లో టర్న్ తీసుకుంటే చెయ్యి తనంతట తనే ఎడమకి పోతుంది. నేను ఇక్కడ కారు కొత్తగా నడిపేటప్పుడు చూశా. హ్యాండిల్‌ని పట్టి ఉండే స్టెమ్ మీద కుడివైపు బాణం గీసిన స్టిక్కర్ అతికించుకోండి, ఎవరు నవ్వినా సరే.

గూడూరు_నిమ్మ (గూడూరు) · శనివారం ఉదయం 6:50

ఫియోనా గురించి ఒక్క ముక్కలో వదిలేశారు అన్నా. ఆమె క్యాన్సర్ పరిశోధనలో పనిచేసేది, అప్పటికి 24 ఏళ్ళు. అంత దూరం రేసు ఆమెకు అదే మొదటిసారి. రెండో స్థానంలో వచ్చిన బెన్ డేవిస్ కంటే 10 గంటలకు పైగా ముందు ఫినిష్‌కి చేరింది. ఆడవాళ్ళ విభాగంలో కాదు, అందరిలో మొదటి స్థానం. ట్రాన్స్‌కాంటినెంటల్‌ను ఒక మహిళ మొత్తంగా గెలవడం అదే మొదలు. అంతకుముందు 2016లో అమెరికాలో పసిఫిక్ తీరం నుంచి అట్లాంటిక్ తీరం దాకా జరిగే ట్రాన్స్ ఆమ్ రేసును లేయెల్ విల్కాక్స్ అట్లాగే మొత్తంగా గెలిచింది.

నా ప్రశ్న వేరే. బస్ షెల్టర్లో, ధాబా నులక మంచం మీద పడుకోమని మీరు సులువుగా రాస్తారు. నేను పడుకోగలనా? సూళ్ళూరుపేట దాకా తెల్లవారుజామున ఒక్కదాన్నే పోతేనే ఇంట్లో రోజంతా క్లాసు పీకుతారు.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు) · శనివారం ఉదయం 7:25

పడుకోలేవు చెల్లీ, ఇక్కడ మాత్రం. ఉన్నమాట చెప్పాలిగా. నువ్వైతే రాత్రి ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకుని, లాడ్జి ఉన్న ఊళ్ళను బట్టి రోజుని కొలుచుకో. ఒంగోలు, మార్కాపురం, శ్రీశైలం, కావలి. డబ్బిచ్చి ఎవరైనా తీసుకోగలిగే గదే కాబట్టి రూల్‌కి అడ్డం రాదు. 20 కిలోమీటర్లు ముందే ఆగాల్సి రావచ్చు. ఇంకో పద్ధతి ఉంది, చీకట్లో ఆగకుండా మధ్యాహ్నం ఎండవేళ పడుకోవడం. మన ఎండాకాలంలో మగవాళ్ళకైనా అదే మేలు. పొద్దున 11 నుంచి 4 దాకా పడమటి గాలికి ఎదురు తొక్కి సాధించేదేమీ లేదు. రేసులో రాత్రి తొక్కడానికి తోడు కావాలంటే ట్రాన్స్‌కాంటినెంటల్‌లో పెయిర్స్ విభాగం ఉంది. ఇద్దరూ ఒక జట్టు, వాళ్ళలో వాళ్ళు ఏదైనా పంచుకోవచ్చు.

ఒంగోలు_గిత్త (ఒంగోలు) · శనివారం ఉదయం 7:40

ఇంత కష్టపడే బదులు రామ్ (రేస్ అక్రాస్ అమెరికా) రేసుకు పోరాదా? అమెరికా అడ్డంగా 4,800 కిలోమీటర్లు. మనవాళ్ళు చేశారు కూడా. 2017లో శ్రీనివాస్ గోకుల్‌నాథ్, అమిత్ సమర్థ్ సోలోగా పూర్తి చేశారు. వెనకాల బండి, వంటవాడు, డాక్టరు. ఆకలేస్తే చెయ్యి చాపితే చాలు.

కావలి_చక్రం (కావలి) · శనివారం ఉదయం 8:02

గిత్తన్నా, చెయ్యి చాపితే ఇవ్వడానికి రెండు మూడు బండ్లు, రాత్రీ పగలూ షిఫ్టుల్లో పనిచేసే మనుషులు, వాళ్ళ టికెట్లు, వీసాలు, తిండి. ఆ ఖర్చుకు కావలిలో ఇల్లు కట్టొచ్చు. ఇందాక నువ్వే డబ్బున్నోళ్ళ రూల్ అన్నావు. దీనికైతే సైకిలు, నేను, రెండు సంచులు.

ఒంగోలు_గిత్త (ఒంగోలు) · శనివారం ఉదయం 8:05

సరే, ఒక పాయింటు నీకు.

డాక్టరమ్మ_పొగతోట (నెల్లూరు) · శనివారం మధ్యాహ్నం 1:30

ఓపీ అయ్యాక కూర్చుని మొత్తం చదివా. ఒంటి సంగతి ఎవరూ రాయలేదు, ఎవరికీ పట్టదు కూడా.

ఇలాంటి రేసుల్లో మనుషుల్ని ఆపేసేది ఎక్కువగా కాళ్ళు కావు. మెడ, చేతులు, కూర్చునే చోటు. రోజుల తరబడి తల పైకెత్తి రోడ్డు చూస్తూ ఉంటే మెడ వెనక కండరాలు చేతులెత్తేస్తాయి, తల ఇక నిలబడదు. 1983 రామ్ రేసులో మైకేల్ షెర్మర్‌కి వచ్చిందని దానికి షెర్మర్స్ నెక్ అనే పేరే పడింది. ఒకసారి వచ్చాక రేసులో బాగుపడే మార్గం లేదు. హ్యాండిల్ మరీ కిందికి పెట్టుకోకండి. స్టైలు కోసం తొక్కేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారితే అరచేతిలో అల్నార్ నరం నలుగుతోందని అర్థం. చేతులు మార్చి మార్చి పెట్టండి, హ్యాండిల్‌కి మందమైన టేపు వేయించండి. నిర్లక్ష్యం చేస్తే రేసు అయ్యాక వారాల పాటు చొక్కా గుండీలు పెట్టుకోలేరు.

నొప్పి మాత్రలు. ఇది పెద్ద అక్షరాలతో రాయాల్సింది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుని, ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి, ఎండలో తొక్కితే కిడ్నీలకు దెబ్బ. మెడికల్ షాపులో అడగ్గానే ఇస్తారు కదా అని చిక్కీ తిన్నట్టు తినొద్దు. మూత్రం కాఫీ రంగులో వస్తే రైడ్ అక్కడితో ఆపేసి ఆసుపత్రికి పోవాలి. రేపు చూద్దాం అనుకునే విషయం కాదది.

నీళ్ళు కూడా ఊరికే తాగుతూ పోతే చాలదు. గంటల తరబడి ఉత్త నీళ్ళే తాగితే రక్తంలో సోడియం పడిపోయి, తల తిరిగి, వాంతులై, మనిషి తికమక పడతాడు. ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు పోస్తారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి, ప్యాకెట్ మీద రాసినంత నీళ్ళలోనే కలపండి. ఉప్పేసిన మజ్జిగ ఎప్పుడూ మంచిదే. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిసిందే. ఒకరోజు తాగితే ఏమీ కాదు గానీ, ఉప్పగా ఉండి తాగబుద్ధి కాక తక్కువ తాగుతారు. షాపులో నీళ్ళ బాటిల్ కొనుక్కోవడమే మేలు.

కూర్చునే చోటు గురించి: శుభ్రం, పొడి, క్రీము. రోజూ ఒకసారైనా షార్ట్స్ ఉతకండి, రెండో జత పెట్టుకోండి. ఇంతకంటే ఇక్కడ రాయను, ఓపీకి రండి.

బుచ్చి_సైకిల్‌షాపు (బుచ్చిరెడ్డిపాళెం) · శనివారం సాయంత్రం 5:10

డాక్టరమ్మ ఒంటికి చెప్పింది, నేను బండికి చెప్తా.

మన ఊళ్ళలో పంక్చర్ షాపుకి లోటు లేదు. కానీ మీ సన్నని ప్రెస్టా వాల్వుకి ఆ షాపు పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి, వేలి గోరంత ఉంటుంది, దాన్ని వాల్వుకే బిగించుకుని పోండి. ట్యూబ్‌లెస్ టైరు తెస్తే పల్లెటూరి షాపు వాడు దాన్ని ఏం చేయాలో తెలీక మొహం చూస్తాడు, కాబట్టి ప్లగ్గులు మీ దగ్గరే ఉండాలి, అవి పనిచేయకపోతే వేయడానికి ట్యూబులు. పక్క గోడ కోసుకుపోతే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క. చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డులో రాయి చెక్కలు పడి ఉంటాయి, అక్కడ గోడలు కోసుకుపోయి నా దగ్గరికి వచ్చినవి చాలా చూశా.

ఎక్కువమంది మర్చిపోయేది వెనక గేరు పట్టి ఉండే హ్యాంగర్. మెత్తటి అల్యూమినియం. బండి కుడిపక్కకి పడితే వంగుతుంది, సరిచేయబోతే విరుగుతుంది. ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం, ఎక్కడా దొరకదు. స్పేర్ ఒకటి సీటు కింద టేపుతో అంటించుకోండి. చైన్ క్విక్ లింకు, చైన్ కట్టర్, రెండు మూడు స్పోకులు. చాలు.

లైటుకి డైనమో హబ్ మంచిదే. ముందు చక్రంలోనే కరెంటు పుడుతుంది, 6 వోల్టులు, 3 వాట్లు. పగలు దాంతో ఫోను చార్జింగ్, రాత్రి లైటు. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం మెల్లగా తిరుగుతుంది కాబట్టి చార్జింగ్ దాదాపు ఎక్కదు. ఘాట్ రోజు పవర్ బ్యాంక్ నిండుగా ఉండాలి.

కావలి_చక్రం (కావలి) · శనివారం రాత్రి 8:20

బుచ్చన్నా, హ్యాంగర్ సంగతి నిజంగా ఆలోచించలేదు. రేపే ఆర్డర్ పెడతా.

ఇంకో సందేహం. దారిలో టీ కొట్టు ఆయన "ఎంత దూరం నుంచి వస్తాండావు, డబ్బులొద్దు పో" అంటే? పామూరు రోడ్డులో ఇది జరగకుండా ఉండదు. నీళ్ళకు డబ్బు తీసుకోవడమే తప్పుగా చూసేవాళ్ళున్నారు అక్కడ.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు) · శనివారం రాత్రి 8:45

ఇక్కడ రేసుకీ రేసుకీ తేడా ఉంది. అమెరికా వైపు ఇలాంటి రేసుల్లో అనుకోకుండా దారిలో ఎదురైన మంచితనాన్ని పెద్దగా పట్టించుకోరు, ముందుగా ఏర్పాటు చేసుకున్నది మాత్రం కూడదు. ట్రాన్స్‌కాంటినెంటల్‌లో గీత ఇంకొంచెం గట్టిది. తిండి, నీళ్ళు, సామాను ఏదైనా నువ్వు మోసుకెళ్ళాలి, లేదా అందరికీ అమ్మే చోట కొనుక్కోవాలి. టీ కొట్టు అంటే అమ్మే చోటే కదా. డబ్బు ఇవ్వు. తీసుకోకపోతే గ్లాసు కింద పెట్టి రా. పెద్దాయన మనసు నొచ్చుకుంటాడని అనుకుంటే రెండు బిస్కెట్ ప్యాకెట్లు కొను, ఆయన లెక్క ఆయనకి సరిపోతుంది. చేతిపంపు, గుడి కుళాయి, బంకులో నీళ్ళు దారిన పోయే ఎవరికైనా దొరికేవే. వాటి గురించి బుర్ర పాడుచేసుకోకు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది వేరే చోట ఉంది. వాట్సాప్‌లో ఫ్రెండ్ "ముందు రోడ్డు తవ్వేశారు, ఎడమకి తిరుగు" అని పెడితే అది సాయమే. ఇంకొకడి వెనక చక్రానికి అంటుకుని గాలి తప్పించుకోవడం సాయమే. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా హైవే మీద నీ ఫ్రెండ్స్ బైకులేసుకుని వచ్చి పక్కన హుషారు ఎక్కిస్తారు చూడు, అది కూడా. మనవాళ్ళకి అది ప్రేమ. ముందే చెప్పి ఆపాలి.

ఒంగోలు_గిత్త (ఒంగోలు) · శనివారం రాత్రి 9:02

నేను ఒంగోలులో రోడ్డు పక్కన నిలబడి ఈల వేయొచ్చా?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు) · శనివారం రాత్రి 9:04

ఈల వేయొచ్చు. చేతిలో సోడా మాత్రం ఉండకూడదు.

బాలాజీనగర్_ఇల్లాలు (నెల్లూరు) · శనివారం రాత్రి 10:40

మా ఆయన మీలో ఒకరు, ఎవరో చెప్పను. ఇంట్లో కూర్చుని మ్యాప్‌లో చుక్క చూసేవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా.

రేసుల్లో ప్రతి రైడరుకీ ట్రాకర్ ఇస్తారు, వెబ్‌సైట్‌లో వాళ్ళు చుక్కలుగా కదులుతుంటారు. చూసేవాళ్ళకి డాట్‌వాచర్లు అని పేరు. బయటివాళ్ళకి ఆట. మాకు మాత్రం అర్ధరాత్రి చుక్క ఆగిపోతే పడుకున్నాడా, పడిపోయాడా తెలీదు. ట్రాన్స్‌కాంటినెంటల్ పెట్టిన మైక్ హాల్ గురించి మీరెవరూ ఎత్తలేదు. 2012లో ప్రపంచం చుట్టి వచ్చిన మనిషి. 2017 మార్చి 31న ఆస్ట్రేలియాలో ఇండియన్ పసిఫిక్ వీల్ రేసు చేస్తూ, ఫ్రీమాంటిల్ నుంచి సిడ్నీకి, ఇంకొద్ది దూరంలో ముగింపు ఉండగా కాన్‌బెర్రా దగ్గర తెల్లవారుజామున కారు గుద్ది చనిపోయాడు. అప్పటికి రెండో స్థానంలో ఉన్నాడు. రేసు ఆపేశారు. చుక్క ఆగిపోవడం ఎంతమంది చూసి ఉంటారో. అదే ఏడాది ట్రాన్స్‌కాంటినెంటల్‌లో మొదటి రాత్రే ఒక రైడర్‌ని బండి గుద్ది పోయింది, ఆయనా బతకలేదు.

భయపెట్టడానికి రాయలేదు. మా ఇంట్లో కొన్ని ఒప్పందాలున్నాయి. పడుకునే ముందు ఒక మెసేజ్, లేవగానే ఒక మెసేజ్. అది లేకుండా చుక్క గంటన్నర కదలకపోతే ఫోన్ చేస్తా, ఎత్తకపోతే ఇంకో గంట చూసి ఎవర్నో ఒకర్ని పంపిస్తా. అప్పుడు రూల్ పోయినా నాకు అక్కర్లేదు. రాత్రి పూట వెలుతురు పడితే మెరిసే వెస్టు వేసుకోకుండా హైవే ఎక్కితే ఇంట్లో అడుగు పెట్టనివ్వను.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు) · శనివారం రాత్రి 11:15

నమస్తే అమ్మా. మీరు ఎవరి భార్యో నాకు అర్థమైంది, నేను కూడా చెప్పను.

మీరన్నదానికి ఒకటే కలుపుతా. తెల్లవారుజామున 3 నుంచి 6 మధ్య నిద్ర ముంచుకొస్తుంది, సైకిల్ మీద వాడికీ లారీలో వాడికీ. ఆ వేళ హైవే షోల్డర్ మీద వెళ్ళడం కన్నా నిద్రపోవడం మంచిది. కావలి_చక్రం, నీ ప్లాన్‌లో చివరి ముక్క ఒంగోలు నుంచి నెల్లూరు 125 కిలోమీటర్లు. ఒంటి మీద 500 పైన ఎక్కి ఉంటాయి. సరిగ్గా ఆ వేళలోనే అక్కడికి చేరతావు, నేను లెక్క వేశా. టంగుటూరుకో, సింగరాయకొండకో చేరి తెల్లారేదాకా పడుకో. ప్లాన్ కాగితం మీదే రాసిపెట్టుకో, ఆ టైముకి నీ బుర్ర చెప్పే మాట నమ్మడానికి పనికిరాదు. నిద్ర లేని మనిషికి రోడ్డు మీద చెట్లు మనుషుల్లా కనిపిస్తాయి, పక్కనే ఎవరో మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఇది ఈ రేసులు చేసిన చాలామంది చెప్పే సంగతే.

గూడూరు_నిమ్మ (గూడూరు) · ఆదివారం ఉదయం 6:30

కుక్కల గురించి?

పలకల_ఊరు (మార్కాపురం) · ఆదివారం ఉదయం 7:10

పొదిలి, కనిగిరి మధ్య ఊళ్ళలో రాత్రి కుక్కలు ఖాయం. దూరంగా ఉంటే స్పీడు పెంచొచ్చు. మీదికొస్తే దిగి, సైకిల్ మధ్యలో అడ్డం పెట్టుకుని, నడుస్తూ గట్టిగా అదిలించు. చాలావరకు తగ్గుతాయి. ఎదురు తన్నబోతే బ్యాలన్స్ పోయి పడతావు.

కందుకూరోడు_బెల్జియంలో · ఆదివారం మధ్యాహ్నం 12:15

రొమేనియా, బల్గేరియా వైపు గొర్రెల కాపరుల కుక్కలకు మన ఊరి కుక్కలు పిల్లల్లాంటివి. అక్కడికి వెళ్ళేముందు యాంటీ రేబిస్ టీకా ముందే వేయించుకునే పద్ధతి ఉంది, డాక్టరమ్మని అడగండి. ఉన్నా సరే, కరిస్తే మళ్ళీ డోసులు వేయించుకోవాల్సిందే.

వీసా కూడా ఇప్పుడే చెప్తా, తర్వాత అందరూ అడిగేది అదే. షెంగెన్ వీసాతో (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు. 2023 నుంచి క్రొయేషియా, 2025 జనవరి నుంచి రొమేనియా, బల్గేరియా పూర్తిగా షెంగెన్‌లోకి వచ్చేశాయి కాబట్టి మునుపటి కంటే తేలిక. కానీ సెర్బియా, బోస్నియా, టర్కీ అందులో లేవు. నువ్వు గీసుకున్న దారి మధ్యలో షెంగెన్ దాటి బయటికెళ్ళి మళ్ళీ లోపలికి వస్తే సింగిల్ ఎంట్రీ వీసా పనికిరాదు, మల్టిపుల్ ఎంట్రీ అడగాలి. యూరప్ వాడికి దారి గీసుకునేటప్పుడు కొండ, గాలి, రోడ్డు చూసుకుంటే సరిపోతుంది. మనం పాస్‌పోర్టు కూడా చూసుకోవాలి. అందరికీ సమాన అవకాశం అని పెన్నా అన్న రాశాడే, ఆ మాట దగ్గర నాకు ప్రతిసారీ ఇది గుర్తొస్తుంది.

ఒంగోలు_గిత్త (ఒంగోలు) · ఆదివారం మధ్యాహ్నం 12:40

చూశారా, నేను మొదట్నుంచీ అంటున్నది అదే. బయల్దేరే చోట సమానం, అంతకుముందు కాదు.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు) · ఆదివారం మధ్యాహ్నం 1:05

ఒప్పుకుంటున్నా. దీనికి నా దగ్గర జవాబు లేదు. రేసుకు ఎంట్రీ కూడా డబ్బు కట్టగానే రాదు, దరఖాస్తు పెట్టి ప్రశ్నలకు జవాబులు రాయాలి. అది వచ్చాక వీసాకి తిరగాలి. కాబట్టి ఒక ఏడాది ముందే పని మొదలుపెట్టు తమ్ముడూ.

కావలి_చక్రం (కావలి) · ఆదివారం రాత్రి 9:30

అందరికీ థ్యాంక్స్. ప్లాన్ మార్చా. తెల్లవారుజామున నెల్లూరు నుంచి బయల్దేరి మొదటి రాత్రి మార్కాపురం లాడ్జి. పొద్దున గేటు తీయగానే దోర్నాల ఘాట్, చీకటి పడకముందే అడవి దాటి వెనక్కి. రాత్రికి ఒంగోలు వైపు తొక్కి, సింగరాయకొండ దగ్గర తెల్లారేదాకా నిద్ర. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో. ట్రాకర్ లింకు ఇక్కడ పెడతా. చూడండి గానీ దారి చెప్పొద్దు.

పిన్నికి ఫోన్ చేసి రూల్ వివరించా. అంతా విని, "సరే నాయనా, నువ్వు మా ఇంటికి రావొద్దు. మీ బాబాయి ఆ రోజు రోడ్డు మీద చేపల పులుసు అమ్ముతాడు, అందరూ కొనుక్కోవచ్చు, ప్లేటు పది రూపాయలు" అంది. ఇది చెల్లుతుందా?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు) · ఆదివారం రాత్రి 9:41

బోర్డు పెట్టి, ఆ రోజంతా అమ్మితే చెల్లుతుంది.

ఒంగోలు_గిత్త (ఒంగోలు) · ఆదివారం రాత్రి 9:43

తేదీ, టైము పెట్టు అబ్బయ్యా. ఒంగోలు నుంచి పొదిలి 50 కిలోమీటర్లే. సైకిల్ మీదే వస్తా.